చెల్లికి కెమిస్ట్రీ రావడం లేదు, గ్రూపు మార్చాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ చెల్లి రాజాం దగ్గర పల్లెలో ప్రభుత్వ బడిలో పది పాసైంది. నర్సో డాక్టరో అవుతానని తనే అడిగి బైపీసీలో చేరింది. క్లాసులు మొదలై రెండు నెలలైంది. బోటనీ, జువాలజీ బాగానే ఉన్నాయి. కెమిస్ట్రీ పీరియడ్ అంటే మాత్రం ఏడుపు, సీఈసీకి మారిపోతానంటోంది. మీరు హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నారు, ఇంట్లో అమ్మానాన్నలకి ఈ చదువు తెలియదు. గ్రూపు మార్చాలా, ట్యూషన్ పెట్టాలా, ఏ పుస్తకం కొనాలి అని అడిగారు.

నేను విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో 27 ఏళ్లు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను. మీ చెల్లిలాంటి అమ్మాయిలు ప్రతి ఏడాదీ ఆగస్టు నెలలో స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడేవాళ్లు. "మేడమ్, ఈ మోలు అంటే ఏటి మేడమ్, ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కట్లేదు" అని. వాళ్లలో చాలామంది తర్వాత నిలదొక్కుకున్నారు. కొందరు నిలదొక్కుకోలేదు, వాళ్ల విషయంలో నేను ఎక్కడ ఆలస్యం చేశానో కూడా నాకు తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇప్పుడే మార్చకండి. దసరా సెలవులు అయ్యి, విజయనగరంలో సిరిమాను సంబరం జరిగేదాకా గడువు పెట్టుకోండి. ఈలోపు నేను చెప్పే పని చేయించండి. బైపీసీ వదిలేస్తే నీట్, అగ్రికల్చర్ బీఎస్సీ లాంటి దారులు మూసుకుపోతాయి. బైపీసీ చదివాక బీఏకో బీకాంకో వెళ్లడానికి అడ్డం ఏమీ లేదు. కాబట్టి తొందరపడితే నష్టం ఒకవైపే ఉంది. అయితే కాలేజీలో గ్రూపు మార్పుకి ఆఖరి తేదీ ఎప్పుడో ఇవాళే ఫోన్ చేసి ప్రిన్సిపాల్‌ని అడిగి పెట్టుకోండి, అది దాటిపోకూడదు. ఒకవేళ దసరాకి ముందే ఉంటే ఆ తేదీనే మీ గడువు అనుకోండి.

ఇక అసలు సంగతి. "కెమిస్ట్రీ రావడం లేదు" అనే మాటకి అర్థం లేదు బాబూ. ఎక్కడ ఆగిపోయిందో తెలియాలి. నా దగ్గరికి వచ్చిన ఏ పిల్లనైనా నేను నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని. ఈ ఆదివారం ఫోన్‌లో మీరూ అడగండి. కాగితం మీద రాసి ఫొటో పంపమనండి, పుస్తకం చూడకుండా.

అల్యూమినియం సల్ఫేట్ ఫార్ములా రాయమనండి. అల్యూమినియం రెండు, సల్ఫేటు మూడు రావాలి. రాయలేకపోతే అసలు లోటు ఇంటర్‌లో లేదు, తొమ్మిదో తరగతి సంయోజకతల (ఏ మూలకం ఎన్నిటితో కలవగలదో చెప్పే అంకెల) దగ్గర ఉంది. ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఫెర్రిక్ ఆక్సైడ్ అయ్యే సమీకరణాన్ని తుల్యం చేయమనండి, అంటే రెండువైపులా పరమాణువుల లెక్క సమానం చేయమనండి. నాలుగు ఇనుములు, మూడు ఆక్సిజన్ అణువులు, రెండు ఫెర్రిక్ ఆక్సైడ్లు. ఇది తప్పితే, అంకెలు ఎక్కడ పెట్టొచ్చో ఎక్కడ పెట్టకూడదో తెలియలేదన్నమాట. చాలామంది ఫార్ములా లోపలి చిన్న అంకెనే మార్చేస్తారు, అలా చేస్తే పదార్థమే మారిపోతుంది. మూడోది, 9 గ్రాముల నీళ్లలో ఎన్ని నీటి అణువులు, ఎన్ని హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి? అణువులు 3.011 × 10²³, హైడ్రోజన్ పరమాణువులు దానికి రెట్టింపు.

నాలుగోది బొమ్మ. గ్లాసు నీళ్లలో ఉప్పు వేసి కలిపాక లోపల ఏముందో గీయమనండి. దీని దగ్గరే నాకు పిల్లల సంగతి బాగా తెలిసిపోయేది. మొదటి మూడింటికీ సరిగ్గా రాసిన పిల్లలు కూడా సోడియం, క్లోరిన్ జంటలు జంటలుగా తేలుతున్నట్టు గీస్తారు. నిజానికి సోడియం అయాన్లు వేరుగా, క్లోరైడ్ అయాన్లు వేరుగా, ఒక్కోదాని చుట్టూ నీటి అణువులు మూగి ఉండాలి. ఈ బొమ్మ మనసులో లేని పిల్లకి సమతాస్థితి, విద్యుత్ రసాయన శాస్త్రం, ద్రావణాలు, ఏ పాఠమైనా బట్టీగానే మిగిలిపోతుంది.

ఎందుకంటే కెమిస్ట్రీ ఒకేసారి మూడు చోట్ల నడుస్తుంది. ఒకటి కంటికి కనిపించేది: రంగు, వేడి, వాసన, బరువు. రెండోది కంటికి ఎప్పటికీ కనిపించనిది: పరమాణువులు, అయాన్లు, వాటి కదలిక. మూడోది కాగితం మీద గుర్తులు: ఫార్ములాలు, సమీకరణాలు, లెక్కలు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర బోధన మీద పనిచేసిన అలెక్స్ జాన్‌స్టోన్ 1991లో దీన్ని ఒక త్రిభుజంగా గీసి చూపించారు. కొత్త పిల్లల్ని ఒకేసారి ఈ మూడు మూలలకీ లాగితే బుర్ర మోయలేదని ఆయన చెప్పింది. ఆ త్రిభుజం గురించి నాకు ఉద్యోగంలో చేరిన పదేళ్లకి గానీ తెలియలేదు, తెలిశాక నేను పాఠం చెప్పే పద్ధతి మారిపోయింది. మన క్లాసుల్లో జరిగేది ఏమిటంటే, మాస్టారు బోర్డు మీద మూడో మూలలోనే గంటంతా నడుస్తారు. పిల్ల గుర్తుల్ని చూసి గుర్తులు రాసుకుంటుంది. వాటి వెనక ఏ వస్తువు ఉందో తెలియదు. అలాంటప్పుడు ఏడుపు రావడంలో వింత లేదు.

మీ చెల్లితో ఈ మూడు మూలలూ కలపడానికి నేను ఎంచుకునే వస్తువు సున్నం. మన ఊళ్లలో సంక్రాంతికి గోడలకి వేసే గుల్ల సున్నం. దాన్ని ఒక వారం పాటు పట్టుకుని కూర్చున్నా తప్పులేదు, ఫస్టియర్ సిలబస్‌లో సగం దాంట్లోనే ఉంది.

సముద్రం ఒడ్డున దొరికే గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్. దాని ఫార్ములా భారం 100. బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోతుంది, దాని భారం 44. మిగిలింది 56, అదే పొడి సున్నం, కాల్షియం ఆక్సైడ్. దాని మీద నీళ్లు పోస్తే కుతకుతా ఉడుకుతుంది. 56కి 18 నీళ్లు కలిసి 74 అవుతుంది, అది తడి సున్నం, కాల్షియం హైడ్రాక్సైడ్. దాన్ని గోడకి పూస్తాం. గోడ మీద అది గాలిలోంచి 44 కార్బన్ డయాక్సైడ్‌ని తీసుకుంటుంది, 18 నీళ్లు ఆరిపోతాయి. 74కి 44 కలిపి 18 తీసేయండి. మళ్లీ 100. గోడ మీద తెల్లగా గట్టిపడింది ఏమిటి? మొదట ఒడ్డున ఏరిన గుల్లే. నేను ఈ లెక్క బోర్డు మీద పూర్తి చేసేసరికి వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి చూసేవాళ్లు.

ఇప్పుడు ఒక్కో పాఠం దీనికి తగిలించమనండి. పది కిలోల పొడి సున్నంలో నిజంగా ఎన్ని నీళ్లు కలుస్తాయి? 56కి 18 అయితే పదికి ఎంత అని వేస్తే 3.2 కిలోలు. మిగతా నీళ్లు పల్చన చెయ్యడానికే. ఇది స్టాయికియోమెట్రీ, మన తాతల కాలం త్రైరాశికమే. ఆ ఉడుకు ఎంత? ఒక మోల్‌కి సుమారు 65 కిలోజౌళ్లు బయటికి వస్తుంది. కిలో స్వచ్ఛమైన సున్నానికి లెక్కేస్తే, మామూలు నీళ్లు దాదాపు నాలుగు లీటర్లు మరిగేంత వేడి. ఇది ఉష్ణమోచక చర్య, థర్మోడైనమిక్స్ పాఠం. బట్టీ పైన నోరు ఎందుకు తెరిచి ఉంచుతారు? కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతేనే చర్య ముందుకి సాగుతుంది. మూసేస్తే కొంతదూరం వెళ్లి సమతాస్థితిలో ఆగిపోతుంది, అంటే ముందుకి ఎంత నడుస్తుందో వెనక్కీ అంతే నడుస్తుంది. సమతాస్థితిని కదిలిస్తే చర్య ఆ మార్పుని తగ్గించే వైపు నడుస్తుందనే లె షాటెలియర్ నియమం అర్థం కావడానికి దీనికన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పండి. పొడి సున్నం మీద నీళ్లు పోసే పని పెద్దవాళ్లది. చిందితే కన్ను పోయే ప్రమాదం ఉంది. చూడాలనిపిస్తే దూరంగా నిలబడి చూడమనండి.

మోల్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పదిమందిలో ఏడుగురు ఆగిపోయేది అక్కడే. పుస్తకం మొదటి పాఠంలోనే 6.022 × 10²³ అని ఒక అంకె ఇస్తుంది. పిల్లలు ఆ అంకె చూసి బెదిరిపోతారు. నేను పలాస జీడిపప్పు నుంచి మొదలుపెట్టేదాన్ని. అక్కడ 320 రకం అంటే ఏమిటి? పౌను బరువుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండు పప్పులు తూగే రకం. 240 రకం అంటే ఇంకా పెద్ద పప్పు, పౌనుకి 220 నుంచి 240. పది కిలోల 320 రకం డబ్బాలో ఎన్ని పప్పులున్నాయో ఎవరూ కూర్చుని లెక్కపెట్టరు. తూచి చెప్పేస్తారు, ఆరున్నర వేల నుంచి ఏడు వేల దాకా అని. తూకం చూసి లెక్క తెలుసుకోవడం, అంతే. మోల్ కూడా అదే పని చేస్తుంది. పరమాణువుల్ని లెక్కపెట్టలేం, తూచగలం. కార్బన్ 12 గ్రాములు తూస్తే, రాగి 63.5 గ్రాములు తూస్తే, నీళ్లు 18 గ్రాములు తూస్తే మూడింట్లోనూ ఒకే సంఖ్యలో రేణువులు ఉంటాయి. రకాన్ని బట్టి తూకం మారింది, లెక్క మారలేదు.

ఇంకో మాట. పాత పుస్తకాల్లో మోల్‌ని 12 గ్రాముల కార్బన్-12 ద్వారా నిర్వచించేవారు. 2019 మే 20 నుంచి ఆ సంఖ్యనే ఖచ్చితంగా 6.02214076 × 10²³ అని నిర్ణయించేశారు. లెక్కల్లో తేడా ఏమీ రాదు గానీ, మీ చెల్లి చేతిలో పాత గైడు ఒకటి, కొత్త పుస్తకం ఒకటి ఉంటే నిర్వచనాలు వేరుగా కనిపించి కంగారు పడుతుంది. ముందే చెప్పి ఉంచండి.

మోల్ లెక్కలు రోజుకి ఐదు, నలభై రోజులు. అంతకన్నా ఎక్కువ వద్దు, ఒక్కరోజు కూడా మానొద్దు. గ్రాముల నుంచి మోల్స్‌కి, మోల్స్ నుంచి అణువులకి, అణువుల నుంచి పరమాణువులకి, మళ్లీ వెనక్కి. చివర్లో ద్రావణాల మోలారిటీ, అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ కరిగి ఉన్నాయన్న లెక్క. రెండు వందల లెక్కలయ్యేసరికి చెయ్యి దానంతటదే నడుస్తుంది.

బైపీసీ పిల్లలకి ఇంకో సమస్య ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. లెక్కలు తప్పించుకోవచ్చని ఈ గ్రూపు తీసుకుంటారు. కానీ కెమిస్ట్రీ లెక్కల్ని వదలదు. భయపడేంత లెక్కలు కావు. నిష్పత్తి, పది మీద ఘాతాంకాలు, సమీకరణంలో ఒకదాన్ని అటు పంపి ఇంకోదాన్ని ఇటు తెచ్చుకోవడం, సంవర్గమానాలు. మొదటి మూడూ పదిలో ఉన్నవే. సంవర్గమానాలు ఎంపీసీ వాళ్లకి అలవాటవుతాయి, వీళ్లకి కావు, దాంతో పీహెచ్ (ద్రావణంలో ఆమ్ల గుణం ఎంతుందో చెప్పే అంకె) పాఠం రాగానే చతికిలపడతారు. 2కి సంవర్గమానం 0.301, 3కి 0.477. ఈ రెండూ నోటికి వస్తే 4, 6, 8, 9 అన్నీ కూడుకుని తెచ్చుకోవచ్చు. 0.002 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? 3లోంచి 0.301 తీసేస్తే 2.7. ఒక ఆదివారం మీరే వీడియో కాల్‌లో కూర్చోబెట్టి ఇది నేర్పగలరు. మీరు ఇంజనీరింగ్ చదివానన్నారు కదా, ఈ పని మీదే.

ఇంగ్లీషు గురించి మీరు ఎక్కువ బాధపడ్డారు. పదో తరగతి దాకా తను చదివినవి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు. బడిలో మాస్టార్లు తెలుగులో చెప్పారు, ఇప్పుడు ఒక్కసారిగా అంతా ఇంగ్లీషు అయిపోయింది. నిజమే, కష్టమే. కానీ కెమిస్ట్రీ ఇంగ్లీషు చాలా చిన్నది. ఒక పాఠంలో కొత్త మాటలు పదిహేనుకి మించవు, అందులో సగం తనకి తెలుగులో తెలిసినవే. ద్రావణం సొల్యూషన్ అయింది, ద్రావితం సొల్యూట్ అయింది, ఉత్ప్రేరకం క్యాటలిస్ట్, క్షయకరణం రిడక్షన్, అవక్షేపం ప్రెసిపిటేట్. రెండు గడుల నోటుబుక్ పెట్టించండి. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు, కింద తన సొంత మాటల్లో ఒక వాక్యం. ఆ వాక్యం తెలుగులోనే ఉండాలి. అర్థం తెలుగులో పడితే జవాబు ఇంగ్లీషులో రాయడం రెండు మూడు నెలల్లో అలవాటైపోతుంది. అర్థం పడకుండా ఇంగ్లీషు వాక్యాలు కంఠతా పెడితే పరీక్ష హాల్లో ఒక మాట మర్చిపోగానే మొత్తం జవాబు కూలిపోతుంది. ఇది నేను కళ్లారా చూసినది.

పుస్తకం ఎక్కువ ఆలోచించక్కర్లేదు. కాలేజీలో ఇచ్చిన పుస్తకం, ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి కెమిస్ట్రీ రెండు భాగాలు. ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇప్పటి పదకొండులో తొమ్మిది యూనిట్లు, పన్నెండులో పది. మొదటిసారి చదివేటప్పుడు పాఠం మధ్యలో చేసి చూపించిన ఉదాహరణ లెక్కల్ని జవాబు మూసిపెట్టి చెయ్యమనండి. తర్వాతే చివరి అభ్యాసాలు. ఎంట్రన్సు పరీక్షల ప్రశ్నల బ్యాంకులు ఈ సంవత్సరం డిసెంబరు దాకా ఇంట్లోకి రానివ్వకండి. నీట్‌లో 180 ప్రశ్నల్లో కెమిస్ట్రీవి 45, ఎంసెట్ అని మనం ఇప్పటికీ పిలుచుకునే ఈఏపీసెట్‌లో 160కి 40. ముఖ్యమే, కాదనను. కానీ పునాది పడకుండా ఆ బ్యాంకులు తెరిస్తే, పిల్లకి తను పనికిరాననే నమ్మకం ఒక్కటే మిగులుతుంది.

ట్యూషన్ పెట్టాలా అంటే, పైన చెప్పిన నాలుగు ప్రశ్నల్లో మొదటి రెండూ తప్పితే పెట్టండి. రాజాంలోనే రిటైరైన హైస్కూలు సైన్సు మాస్టారు ఎవరైనా ఉంటే వారిని అడగండి. రెండు నెలలు తొమ్మిదీ పదీ పాఠాలు మళ్లీ చెప్పించండి. ఇంటర్ సిలబస్‌ని ఇంకా వేగంగా పరిగెత్తించే ట్యూషన్ మాత్రం ఈ పిల్లకి వద్దు. మొదటి రెండూ సరిగ్గా వస్తే ట్యూషన్ అక్కర్లేదు, రోజుకి గంట చదువు, వారానికోసారి మీ ఫోన్ చాలు. యూట్యూబ్ వీడియోలు చూడొచ్చు గానీ ఒక వీడియో చూశాక అదే సంగతి కాగితం మీద రాయకపోతే చూసినట్టు కాదు.

కర్బన రసాయనం అంటే ఆర్గానిక్ ఫస్టియర్ చివర్లో వస్తుంది. దాని గురించి ఇప్పుడు టెన్షన్ పడక్కర్లేదు. ఒక్క ఉదాహరణ చెప్పి వదిలేస్తాను. పలాస, కాశీబుగ్గ వైపు జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూశారా? తొక్కలోంచి కారే నూనె తగిలి చర్మం ఊడిపోతుంది. అందులో ఎక్కువగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం. ఒకే అణువులో ఒక బెంజీన్ వలయం, దానికి ఫినాల్ తాలూకు హైడ్రాక్సిల్, పక్కనే కార్బాక్సిలిక్ ఆమ్లం, ఒక పొడవాటి కార్బన్ గొలుసు. ఆ గొలుసు వల్ల నూనెలా చర్మానికి అంటుకుంటుంది, మిగతా భాగాల వల్ల కాలుస్తుంది. వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోగొట్టుకుని కార్డనాల్ అవుతుంది. అందుకే చాలామంది చేతులకి నూనో బూడిదో రాసుకుని పని చేస్తారు. బూడిదకి క్షార గుణం ఉంది, ఆమ్లాన్ని కొంత తటస్థం చేస్తుంది. పన్నెండులో రెండు పాఠాలు ఆ చేతుల మీద రాసి ఉన్నాయి. మన జిల్లా పిల్లలకి ఈ సంగతి పాఠంగా చెప్పనందుకు నాకు బాధగా ఉండేది, అందుకని ప్రతి బ్యాచ్‌కీ చెప్పేదాన్ని.

ఇప్పుడు ల్యాబ్ గురించి. ఈ విషయంలో మీరు గట్టిగా ఉండాలి. నేను పనిచేసిన ఒక కాలేజీలో ల్యాబ్ గదికి ఏడాదంతా తాళం ఉండేది. ఫిబ్రవరిలో ఒక వారం తీసేవారు. రికార్డులో రీడింగులు బోర్డు మీద రాసేస్తే పిల్లలు ఎక్కించుకునేవాళ్లు. ఒక అమ్మాయి ప్రాక్టికల్ పరీక్షలో బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా కొలిచి వదిలే గాజుగొట్టం) చేతిలో పట్టుకుని ట్యాప్ ఎటు తిప్పాలో తెలియక నిలబడిపోయింది. చదువులో క్లాసుకి మొదటి పిల్ల. ఆ మొహం నేను మర్చిపోలేదు. ఆ ఏడాది నుంచి తాళంచెవి నేనే అడిగి తీసుకున్నాను. ముందే అడిగి ఉండాల్సింది.

మీ చెల్లిని ల్యాబ్ ఎప్పుడు తీస్తారో అడగమనండి. సిగ్గుపడొద్దు, అది తన హక్కు. వెళ్లాక మొదట నేర్చుకోవాల్సింది పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్, అంటే బ్యూరెట్‌లోంచి దాన్ని ఇంకో ద్రావణంలో చుక్కచుక్కగా వేసి ఆ ద్రావణం గాఢత లెక్కకట్టడం. మామూలు ద్రావణాలకి బ్యూరెట్‌లో కింది వంపు చూసి రీడింగు తీస్తాం, పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి పై అంచు చూడాలి. చర్య పూర్తయిందని రంగు మారి చెప్పే వేరే సూచిక దానికి అక్కర్లేదు, దాని రంగే సూచిక. ఆక్సాలిక్ ఆమ్లంతో చేసేటప్పుడు 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేస్తాం, మోర్ లవణంతో (ఇనుము ఉన్న లవణం) అయితే వేడి చెయ్యకూడదు, దాంట్లోని ఇనుము గాలికే ఆక్సీకరణం చెందిపోతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు, హైడ్రోక్లోరిక్ ఎందుకు కాదు? పర్మాంగనేట్ క్లోరైడ్‌ని కూడా ఆక్సీకరణం చేసేస్తుంది, లెక్క తప్పుతుంది. మొదటి చుక్కల రంగు పోవడానికి ఎందుకంత సేపు పడుతుంది, తర్వాత ఎందుకు చకచకా పోతుంది? చర్యలో పుట్టిన మాంగనీస్ అయానే ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది. ప్రాక్టికల్ వైవాలో ఈ ప్రశ్నలు వస్తాయి. చేత్తో చేసిన పిల్లకి జవాబు బట్టీ పట్టే పనే ఉండదు. చీపురుపల్లి, గర్భాం వైపు తవ్విన మాంగనీసు గురించి, గరివిడి ఫెర్రో మాంగనీసు గురించి తను వినే ఉంటుంది. ఆ నల్లరాయిలో ఉన్న మూలకమే ఈ ఊదారంగు ద్రావణంలో ఉంది. రాయిలో మాంగనీస్ డయాక్సైడ్‌గా ఉన్నప్పుడు దాని ఆక్సీకరణ స్థితి నాలుగు, ఇక్కడ ఏడు, టైట్రేషన్ అయ్యాక రెండు. ఈ మూడు అంకెలూ గుర్తుంటే రెడాక్స్ పాఠం సగం వచ్చినట్టే.

ఇంట్లో చేసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. పసుపులో తడి సున్నం చిటికెడు కలిపితే పారాణి ఎర్రగా వస్తుంది, దాంట్లో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు. మందార పువ్వు రేకులు వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు నిమ్మరసంలో, చింతపండు పులుసులో, సబ్బు నీళ్లలో, సోడా నీళ్లలో వేసి రంగులు రాసుకోమనండి. అటక మీద ఉన్న ఇత్తడి బిందె తీసి చింతపండుతో తోమి, నల్లటి పొర ఎక్కడికి పోయిందో సమీకరణం రాయమనండి. మరుగుదొడ్డి కడిగే ఆమ్లాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దని చెప్పండి. క్లోరిన్ విడుదలవుతుంది, మూసిన గదిలో ప్రాణం మీదికి వస్తుంది.

ఇంత కష్టపడి చదివి ఎక్కడికి వెళ్తుందని మీ నాన్నగారు అడిగారని రాశారు. నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు అన్నిటికీ ఇదే పునాది. నైరలో వ్యవసాయ కళాశాల ఉంది. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో నాణ్యత పరీక్షించే గదుల్లో కూర్చునేది కెమిస్ట్రీ చదివినవాళ్లే. ఇంకోటి నేను మనసులో పెట్టుకున్నది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోతున్నారు. ఆ నీళ్లలో, మట్టిలో, తిండిలో ఏముందో కొలిచి చెప్పే చేతులు కావాలి. ఆ చేతులు ఈ జిల్లాల పిల్లలవైతే బాగుంటుందని నేను ప్రతి ఏడాదీ కోరుకునేదాన్ని.

గ్రూపు మార్చడం సరైన పని అయ్యే సందర్భం కూడా ఉంది, దాచను. నలభై రోజులు ఈ పని నిజంగా చేశాక కూడా పుస్తకం తెరవాలంటే గుండె దడగా ఉందంటే, లేదా నర్సు అవ్వాలన్న కోరిక తనది కాదు ఇంట్లోవాళ్లదని మెల్లగా బయటపడితే, మార్చేయండి. నిద్ర పట్టకపోతున్నా, అన్నం మానేస్తున్నా గడువు చూడక్కర్లేదు, వెంటనే ఇంటికి వెళ్లి పక్కన కూర్చోండి. సీఈసీ చిన్న చదువు కాదు. ఓడిపోయి వెళ్తున్నానన్న ఆలోచనతో మాత్రం పంపకండి.

ఫోన్‌లో అడిగేటప్పుడు "మార్కులెన్ని" అనొద్దు. "ఇవాళ ఏం అర్థం కాలేదు" అని అడగండి. అర్థం కానిదాన్ని మాటల్లో చెప్పగలిగిన రోజున సగం పని అయిపోతుంది. మొదట్లో "ఏమీ అర్థం కాలేదు" అంటుంది. ఓపిక పట్టండి, పదిహేను రోజుల్లో "ఫలానా లెక్కలో రెండుతో ఎందుకు గుణించారో తెలియలేదు" అనే స్థితికి వస్తుంది.

ఆ నాలుగు ప్రశ్నలకి తను రాసిన కాగితం ఫొటో నాకు పంపండి. తప్పులు దిద్దకుండా, ఉన్నది ఉన్నట్టుగా. ముఖ్యంగా ఉప్పునీళ్ల బొమ్మ. అది చూశాక ఏ పాఠం నుంచి మొదలుపెట్టాలో రాస్తాను.